పంటిలో చీము, చేతిలో కొద్దిపాటి డబ్బు: మొదటి ఖర్చు దేనికి?

సభకు నమస్కారం.

ఈ రోజు నేను ఒకే ఒక పరిస్థితి గురించి మాట్లాడదలచుకున్నాను. పంటి వేరు దగ్గర చీము పట్టింది, సలుపుతో రాత్రంతా నిద్ర లేదు, తెల్లవారేసరికి బుగ్గ వాచింది, కానీ వైద్యానికి కావలసినంత డబ్బు చేతిలో లేదు. ఇది ఏ కొద్దిమందికో ఎదురయ్యే కష్టం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 350 కోట్ల మంది ఏదో ఒక నోటి జబ్బుతో బాధపడుతున్నారు. అందులో పిప్పిపళ్లదే అతి పెద్ద వాటా. పిప్పిపన్ను ఉన్న ప్రతి ఒక్కరికీ చీము పట్టదు గాని, చీము పట్టిన పన్నులో ఎక్కువ భాగం ఒకప్పుడు చిన్న పిప్పితో మొదలైనదే. ఆ దశలోనే సిమెంట్ పెట్టించుకుని ఉండవలసిందని ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. నొప్పితో ఉన్న మనిషికి కావలసింది ఇవాళ ఏం చేయాలన్న సమాధానం. నా సమాధానం ముందే చెప్పేస్తాను, మిగతా ప్రసంగమంతా దానికి వివరణే: డబ్బు ఎంత తక్కువగా ఉంటే, ఆ డబ్బు అంత సూటిగా చీముకు మూలమైన పంటి మీదే ఖర్చు కావాలి. మాత్రల మీద, వాయిదాల మీద అది కరిగిపోకూడదు.

ముందుగా పంటి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే అది తెలిస్తే ఏ ఖర్చు పనికొస్తుందో, ఏది వృథాయో మనకు మనమే తేల్చుకోగలం. పంటి పైపొర ఎనామెల్, దాని కింద డెంటిన్, ఆ లోపల రక్తనాళాలూ నరాలూ ఉండే మెత్తని గుజ్జు ఉంటాయి. పిప్పి ఎనామెల్ దాటి డెంటిన్‌లోకి దిగినప్పుడు చల్లనిది తగిలితే జివ్వుమంటుంది, కానీ ఆ బాధ కొన్ని క్షణాల్లో పోతుంది. ఈ దశలో ఫిల్లింగ్ సరిపోతుంది, ఖర్చు కూడా తక్కువే. చల్లనిదో వేడిదో తగిలాక నొప్పి నిమిషాల తరబడి ఉండిపోతున్నదన్నా, ఏదీ తగలకుండానే రాత్రిపూట దానంతటదే లేస్తున్నదన్నా, లోపలి గుజ్జు ఇక కోలుకోలేని స్థితికి వచ్చిందని అర్థం. గట్టి గోడల మధ్య వాచిన గుజ్జుకు వ్యాకోచించే చోటు ఉండదు, ఒత్తిడి పెరుగుతుంది, రక్తప్రసారం ఆగుతుంది, చివరికి గుజ్జు చచ్చిపోతుంది.

సరిగ్గా ఇక్కడే చాలామంది మోసపోతారు. నరం చచ్చిపోగానే నొప్పి ఆగిపోతుంది. వారం రోజులు ప్రాణం తీసిన పన్ను ఒక్కసారిగా శాంతించేసరికి, తగ్గిపోయిందని ఊపిరి పీల్చుకుని, దాచుకున్న డబ్బును వేరే అవసరానికి వాడేసుకుంటారు. లోపల మాత్రం కుళ్లిన గుజ్జులో క్రిములు పెరుగుతూ, వేరు కొనలోని సన్నని రంధ్రం గుండా దవడ ఎముకలోకి దిగుతాయి. అక్కడ చీము చేరుతుంది. కొన్ని వారాలకో నెలలకో పన్ను పొడుగైనట్టు అనిపించడం, పంటి మీద పన్ను ఆనిస్తే ఓర్చుకోలేని నొప్పి, చిగురు మీద చిన్న పొక్కు, ఆ పొక్కు పగిలి నోట్లో ఉప్పగా చెడు రుచి, ఇవన్నీ ఒకటొకటిగా బయటపడతాయి. పొక్కు పగిలినప్పుడు కూడా మళ్లీ అదే భ్రమ కలుగుతుంది. చీముకు దారి దొరికింది కాబట్టి ఒత్తిడి తగ్గింది, అంతే. మూలం అలాగే ఉంది. గుజ్జు పాడయ్యాక చికిత్సకు అతి చవకైన, అతి సులువైన రోజులు నిజానికి నొప్పి ఆగిన ఆ రోజులే: వాపు ఉండదు, నోరు బాగా తెరుచుకుంటుంది, మత్తు బాగా పని చేస్తుంది, పన్ను నిలబెట్టుకునే అవకాశమూ ఎక్కువగా ఉంటుంది.

ఖర్చు లెక్కల్లోకి వెళ్లే ముందు, ఖర్చు గురించి ఆలోచించకూడని పరిస్థితి ఏదో స్పష్టంగా చెప్పాలి. గుటక వేయడం కష్టమైతే, చొల్లు మింగలేక బయటికి కారుతుంటే, నాలుక కింది భాగం గట్టిపడి నాలుక పైకి నెట్టినట్టు ఉంటే, గొంతు మారి మాట ముద్దముద్దగా వస్తుంటే, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోతే, వాపు దవడ కింది నుంచి మెడ మీదికి దిగుతుంటే, లేదా పైకి పాకి కన్ను మూసుకుపోతుంటే, చలితో కూడిన జ్వరం వస్తే, మనిషి మగతగా, తికమకగా ఉంటే, ఊపిరి తీసుకోవడానికి కూర్చునే ఉండవలసి వస్తే, అది దంత వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే సమయం కాదు. అర్ధరాత్రయినా సరే, ఆపరేషన్ సదుపాయం ఉన్న పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. డబ్బు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. అక్కడికి వెళ్లగానే 'పంటి నొప్పి' అని చెప్పి ఊరుకోకుండా, 'పంటి చీము మెడకు పాకింది, మింగలేకపోతున్నాను' అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మిమ్మల్ని వరుసలో వెనక్కి నెట్టే ప్రమాదం తప్పుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కింది దవడ వెనక పళ్ల వేళ్లు సాధారణంగా నాలుక కింది కండరానికి దిగువన ముగుస్తాయి. అక్కడ పుట్టిన చీము ఎముకను చీల్చుకుని వస్తే నేరుగా దవడ కింది ఖాళీల్లోకి, అటు నుంచి మెడలోకి చేరుతుంది. రెండు వైపులా ఆ ఖాళీలన్నీ నిండి నాలుకను పైకి నెట్టి శ్వాసదారిని మూసివేసే స్థితిని 1836లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ వర్ణించాడు. నేటికీ దానిని లుడ్విగ్స్ ఆంజైనా అనే అంటారు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో అది సోకినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. నేటి వైద్యంలో ఎక్కువమంది బతుకుతున్నారు, కానీ సమయానికి వస్తేనే. పై దవడ పళ్ల నుంచి బయల్దేరిన చీము కంటి వెనక నుంచి మెదడు దాకా వెళ్లగలదు. 2007లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ల బాలుడు పంటి నుంచి మెదడుకు పాకిన ఇన్ఫెక్షన్‌తో, రెండు శస్త్రచికిత్సలు చేసినా దక్కలేదు. వాళ్ల కుటుంబానికి బీమా అందలేదు, దంత వైద్యుడు దొరకలేదు. ఆ పన్ను పీకడానికి అయ్యే ఖర్చుకు ఆసుపత్రి ఖర్చు వేల రెట్లయిందని అప్పటి పత్రికలు రాశాయి. ఆ తరువాత ఆ రాష్ట్రం పేద పిల్లల దంత వైద్య పథకాన్ని సరిదిద్దుకుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే, కాకపోతే అక్కడ ఆలస్యం చేసింది ఆ తల్లి కాదు, ఆమెకు తలుపు తెరవని వ్యవస్థ.

ఇక ప్రమాద సూచనలు లేని మామూలు చీము సంగతికి వద్దాం. అందరి చేయీ మొదట మందుల షాపు వైపే వెళుతుంది, ఎందుకంటే అది దగ్గర, చవక, కుర్చీలో కూర్చోవలసిన భయం లేదు. అక్కడ కొనే యాంటీబయాటిక్ రక్తం ద్వారా ప్రయాణించి క్రిముల్ని చేరుతుంది. చచ్చిపోయిన పంటి గుజ్జులో రక్తప్రసారమే లేదు. చీము నిండిన గడ్డలోకి కూడా మందు సరిగ్గా చొరబడదు. అందువల్ల చుట్టుపక్కల పాకిన క్రిములు కొంత తగ్గి వాపు దిగుతుంది గాని, పంటిలోని గూడు చెక్కుచెదరదు, మందు ఆపిన కొద్ది రోజులకో వారాలకో మళ్లీ మొదలవుతుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి: రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న పెద్దవారికి, పంటి చికిత్స వెంటనే అందే వీలుంటే, కేవలం పంటి నొప్పికి గాని ఒకచోటికే పరిమితమైన చీముకు గాని యాంటీబయాటిక్ అవసరం లేదు. జ్వరం, నీరసం వంటివి తోడైనప్పుడు, లేదా చీము ఉండి చికిత్స వెంటనే దొరకనప్పుడు మాత్రమే అది అవసరం, అదీ 3 నుంచి 7 రోజుల పాటు. అప్పుడు కూడా అది చికిత్స అందేవరకు కొంత గడువు తెచ్చిపెట్టే మందు మాత్రమే. ఆ గడువులో పన్ను సంగతి తేల్చుకోకపోతే మందుకు పెట్టిన డబ్బు వృథా.

ఒక సందర్భం చెబుతాను. కింది దవడ పన్ను పుచ్చి, అరచేత్తో బుగ్గ పట్టుకుని ఒక నడివయసు మనిషి వచ్చాడు. చొక్కా జేబులోంచి మూడు రకాల మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కోదాంట్లో సగం గుంటలు ఖాళీ, సగం నిండుగా ఉన్నాయి. నొప్పి తగ్గగానే ఆపడం, తిరగబెట్టగానే వేరేది కొనడం, అలా కొన్ని నెలలు నడిచింది. అద్దం కాడతో ఆ పంటిని మెల్లగా తట్టగానే కుర్చీలో ఎగిరిపడ్డాడు. మత్తు ఇచ్చి, పంటిని పైనుంచి తొలుస్తూ లోపలి గదిని చేరుకోగానే, ఆవగింజంత రంధ్రంలోంచి రక్తం కలిసిన చీము ఉబికి వచ్చింది, గది అంతా ఆ వాసన నిండింది. కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్న ఆయన వేళ్లు అప్పుడే వదులయ్యాయి, భుజాలు కిందికి దిగాయి. ఆ పని మొత్తానికి పట్టింది అరగంట లోపే. మాత్రల అట్టలన్నిటికీ ఆయన పెట్టిన డబ్బు ఆ రోజు చేసిన పనికి అయిన ఖర్చుకు దాదాపు సమానం. ఇది ఆయన తెలివితక్కువతనం అని నేను అనను. ఒకేసారి పెద్ద మొత్తం తీయలేని మనిషి చిన్న చిన్న మొత్తాలతో నొప్పిని వాయిదా వేస్తాడు, పేదరికం మనిషి చేత అలాంటి లెక్కే వేయిస్తుంది. అత్యవసర చికిత్స పెద్ద మొత్తం కానక్కరలేదని ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం.

ఆ మాటే ఇప్పుడు వివరంగా చెబుతాను. చీము మూలాన్ని తీయడానికి మూడు దారులున్నాయి. పంటిని పైనుంచి తెరిచి కుళ్లిన నరం తీసి చీము వదలగొట్టడం ఒకటి, చిగురు మీద ఉబ్బిన గడ్డను చీల్చి చీము తీయడం రెండోది, పన్నునే తీసేయడం మూడోది. రెండోది ఒక్కటే చేస్తే సరిపోదు, దాని వెంట మొదటిదో మూడోదో జరగాలి. మొదటి దారిలో అందరూ రూట్ కెనాల్ అనగానే నరం తీయడం, గొట్టాలు శుభ్రం చేయడం, నింపడం, పైన క్యాప్ వేయడం అన్నీ ఒకే మూటగా, ఒకే ధరగా ఊహించుకుని భయపడతారు. అవి దశలు. నొప్పిని, చీమును ఆపేది మొదటి దశ: పన్ను తెరిచి, నరం తీసి, లోపల మందు పెట్టి, తాత్కాలిక సిమెంట్‌తో మూసివేయడం. మిగతావి కొన్ని వారాల వ్యవధిలో, డబ్బు సమకూరిన కొద్దీ చేయించుకోవచ్చు. 'ఇవాళ నొప్పి, చీము తగ్గే పని వరకు చేయండి, మిగిలినది ఎప్పటిలోగా చేయించుకోవాలో, ఒక్కో దశకు ఎంత అవుతుందో కాగితం మీద రాసివ్వండి' అని అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. వైద్యుడికి కూడా అది ఉపయోగమే, ఎందుకంటే చెప్పకుండా మధ్యలో మానేసే రోగి కన్నా ముందే పరిమితి చెప్పిన రోగికి మంచి ప్రణాళిక వేయవచ్చు. తాత్కాలిక సిమెంట్ మాత్రం పేరుకు తగ్గట్టే తాత్కాలికం. కొన్ని వారాలు దాటితే అంచుల్లో చొల్లు, క్రిములు దూరి చేసిన పనంతా పాడవుతుంది, పన్ను విరిగిపోయే ప్రమాదమూ ఉంది. గడువు దాటేలా ఉంటే వెళ్లి ఆ సిమెంట్‌నైనా మార్పించుకోవాలి.

పన్ను నిలబెట్టాలా, తీయించాలా అన్నది డబ్బుతో ముడిపడిన అసలైన ప్రశ్న. తీయించడం అప్పటికి చవక, ఒక్క పూటలో అయిపోతుంది, చీము మూలం పూర్తిగా పోతుంది. రూట్ కెనాల్‌కూ దాని మీద క్యాప్‌కూ డబ్బు సమకూర్చలేనివారు పన్ను తీయించుకోవడం ఓటమి కాదు, నెలల తరబడి చీముతో తిరగడం కన్నా వెయ్యి రెట్లు మేలు. దీన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 'పన్ను తీయకూడదు, నిలబెట్టుకోవాలి' అన్న మంచి సలహా విని, నిలబెట్టుకునే స్తోమత వచ్చేదాకా ఆగుదామని ఏమీ చేయించుకోకుండా ఉండిపోయినవారిని చాలామందిని చూశాను. అయితే ఏ పన్ను అన్నది కూడా చూడాలి. చివరి జ్ఞానదంతమైతే తీయించేయడమే సబబు, దాని స్థానంలో ఏదీ పెట్టనక్కరలేదు. ముందరి పళ్లకు ఒకే వేరు ఉంటుంది కాబట్టి రూట్ కెనాల్ సులువు, ఖర్చు తక్కువ, పన్ను ఎక్కువగా దెబ్బతినకపోతే క్యాప్ లేకుండా ఫిల్లింగ్‌తోనే సరిపోవచ్చు. అందుకని ముందరి పన్నును వీలైనంత వరకు నిలబెట్టుకోమంటాను. మొదటి పెద్ద దవడ పన్ను నమలడానికి చాలా కీలకం. అది పోతే పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో సాగుతుంది, కానీ అది రోజుల్లో జరిగేది కాదు. తీయించుకుని, కుదుటపడ్డాక తీసి పెట్టుకునే కట్టుడు పన్ను పెట్టించుకోవడం అన్నిటికన్నా చవకైన దారి. క్యాప్ విషయంలో వెనక పళ్లకు లోహపు క్యాప్ పింగాణీ దానికన్నా సాధారణంగా చవక, నమలడానికి దృఢమైనది కూడా. నవ్వితే కనిపించని పంటికి తెల్లదనం కోసం ఎక్కువ పెట్టవలసిన పని లేదు.

'వాపు ఉండగా పన్ను తీయకూడదు, మందులు వాడి వాపు తగ్గాక రండి' అన్న మాట ఇప్పటికీ చాలాచోట్ల వినిపిస్తుంది. దీని వల్ల పేదవారికి జరిగే నష్టం ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెబుతాను. వాచిన చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది, అందువల్ల మత్తు మందు అక్కడ సరిగ్గా పట్టదు. నోరు తెరుచుకోకపోతే పరికరం పెట్టడమూ కష్టం. ఈ రెండూ నిజమైన అడ్డంకులే. కానీ ఇన్ఫెక్షన్ ఉండగా పన్ను తీస్తే విషం ఒళ్లంతా పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. మూలాన్ని త్వరగా తీసినవారు త్వరగా కోలుకుంటారు. వాచిన చోట గుచ్చకుండా, దూరంగా నరం బయల్దేరే చోట మత్తు ఇచ్చి పన్ను తీసే పద్ధతి దంత వైద్యులందరికీ తెలిసినదే. కాబట్టి 'ఇవాళే తీయడానికి వీలుంటుందా, వీలు కాకపోతే కారణమేమిటి' అని మర్యాదగా అడగండి. రెండోసారి రావడమంటే మళ్లీ దారి ఖర్చు, మళ్లీ ఒక రోజు కూలి పోవడం. ఈలోగా మందులతో నొప్పి తగ్గితే ఆ రెండోసారి చాలామందికి రానే రాదు. పై పన్ను తీస్తే చూపు పోతుందన్న భయం కూడా కొందరిని ఆపుతుంది. చూపుకు సంబంధించిన నరం వేరు, పళ్లకు వచ్చే నరం వేరు, రెండూ మెదడులో వేరువేరు చోట్ల నుంచి బయల్దేరతాయి. కంటికి నిజమైన ప్రమాదం తీయకుండా వదిలేసిన పన్ను నుంచే.

ఖర్చు తగ్గించుకునే చోట్లు కూడా చెప్పుకోవాలి. దంత వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రుల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఒకటికి రెండుసార్లు తిరగవలసి వస్తుంది, కానీ ప్రతి దశనూ మరొకరు సరిచూస్తారు, ధర మాత్రం బయటి క్లినిక్‌లో కన్నా బాగా తక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పన్ను తీయడం చాలాచోట్ల జరుగుతుంది, రూట్ కెనాల్ అన్నిచోట్లా ఉండకపోవచ్చు. చీము, వాపు ఉన్నవారు అక్కడికి పొద్దున్నే వెళ్లి, వాపు ఉందని ముందే చెబితే ఆ రోజే చూసే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రే విషయంలో, ఒక పంటి సమస్యకు ఆ పంటి చిన్న ఎక్స్‌రే ఒకటి మామూలుగా సరిపోతుంది. అది మానేయమని అడగకండి, అది లేకుండా చేసే రూట్ కెనాల్ గుడ్డిపని అవుతుంది. పెద్ద స్కాన్ చెబితే మాత్రం అది ఈ పంటికి ఎందుకు అవసరమో అడగవచ్చు. తీసిన ఎక్స్‌రేను మీ దగ్గర ఉంచుకోండి, మరో చోటికి వెళితే మళ్లీ తీయించే పని తప్పుతుంది. ధర తక్కువని అర్హత లేనివారి చేత మాత్రం పన్ను తీయించుకోవద్దు. సరిగ్గా క్రిమిరహితం చేయని పరికరాలతో కాలేయానికి సంబంధించిన హెపటైటిస్ బి, సి వంటివి అంటుకుంటే అది జీవితకాలపు ఖర్చు కావచ్చు.

చికిత్స అందేదాకా నొప్పిని ఓర్చుకోవడానికి ఖరీదైన మందులు అక్కరలేదు. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు కలిపి వేసుకుంటే పెద్దవారికి పంటి నొప్పిలో బాగా పని చేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. బలమైన మత్తు కలిసిన నొప్పి మందుల కన్నా ఇది మెరుగు. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి, రెండు మోతాదుల మధ్య కనీసం 6 గంటలు ఉండాలి. వైద్యుడు చెప్పకుండా ఐబుప్రొఫెన్ రోజుకు 1200 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 4 గ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. మద్యం అలవాటు ఉన్నవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి పారాసిటమాల్ హద్దు ఇంకా తక్కువ. పంటి నొప్పికి ఓర్చుకోలేక గంటకో పారాసిటమాల్ మాత్ర వేసుకుని, పైగా అదే మందు కలిసిన జలుబు మాత్రలు కూడా మింగి, కాలేయం పాడైన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి. ఆ దెబ్బ మొదటి రోజు ఏ లక్షణంతోనూ బయటపడదు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, నొప్పి మాత్రలతో ఆస్తమా వచ్చేవారు, గర్భిణులు ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. వారికి పారాసిటమాల్ ఒక్కటే. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించడం, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, బుగ్గ మీద బయటినుంచి చల్లని గుడ్డ పెట్టడం కొంత ఊరటనిస్తాయి. లవంగ నూనె దూదితో ఒక చుక్క పంటి గుంతలో పెడితే కాసేపు మొద్దుబారుతుంది, చిగురుకు పూస్తే మాత్రం కాలుతుంది, చిన్నపిల్లలకు అసలు పెట్టకూడదు. ఆస్పిరిన్ మాత్రను పంటి పక్కన చిగురు మీద పెట్టుకునేవారున్నారు. అది తెల్లగా కాలిన పుండు చేయడం తప్ప నొప్పికి ఏ మేలూ చేయదు. ఇంట్లో సూదితో పొక్కు గుచ్చడం, ఎవరికో మిగిలిన యాంటీబయాటిక్ వాడటం, పేరు తెలియని పొట్లాల మాత్రలు మింగడం మానండి. అలాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ ఉంటే వాపు ఇట్టే తగ్గినట్టు కనిపిస్తూనే లోపల చీము స్వేచ్ఛగా పాకుతుంది.

కొందరికి ఆగే వెసులుబాటు అసలే లేదు. మధుమేహం ఉన్నవారిలో చీము వేగంగా పాకుతుంది, చీము వల్ల చక్కెర పెరుగుతుంది, చక్కెర పెరిగి చీము ముదురుతుంది. వాపు కనిపించిన రోజే చక్కెర చూపించుకుని, ఆ కాగితంతో దంత వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు బిడ్డకు హాని అనుకుని నొప్పి భరిస్తూ ఉంటారు. అవసరమైన ఎక్స్‌రే, మామూలు మత్తు సూది, పన్ను తీయడం గర్భంలో సురక్షితంగా చేయవచ్చు, వదిలేసిన ఇన్ఫెక్షనే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. గుండె కవాటం మార్చినవారు, ఎముకలు గట్టిపడే మందులు వాడేవారు ఆ సంగతి కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. రక్తం పలచబడే మందు వాడేవారు తమంతట తాము దానిని ఆపకూడదు. పెన్సిలిన్ పడనివారు ఆ మాట ప్రతిచోటా, ప్రతిసారీ చెప్పాలి. పిల్లల విషయానికి వస్తే, ఎలాగూ ఊడిపోయే పాలపన్నే కదా అని చీమును వదిలేయడం పెద్ద పొరపాటు. ఆ వేరు కిందనే శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది, చీము దానిని దెబ్బతీయగలదు. జ్వరంతో, ముఖం వాపుతో ఉన్న పిల్లవాడు నీళ్లు తాగడం మానేశాడంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పన్ను తీయించుకున్నవారికి మరో ఖర్చు తగలకుండా చివరగా కొన్ని జాగ్రత్తలు చెప్పి ప్రశ్నలకు వస్తాను. వైద్యుడు పెట్టిన దూదిని అరగంట నుంచి ముప్పావు గంట దాకా గట్టిగా కొరికి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడకండి. ఆ రోజంతా ఉమ్మివేయడం, పుక్కిలించడం, గొట్టంతో పీల్చి తాగడం వద్దు, పొగ తాగడం కనీసం మూడు రోజులు వద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తమే పుండును మాన్పుతుంది, అది ఊడిపోతే ఎముక బయటపడుతుంది. మొదటి రెండు రోజులు తగ్గుతూ వచ్చిన నొప్పి మూడో రోజునో నాలుగో రోజునో ఒక్కసారిగా చెవి దాకా లాగుతూ పెరిగితే, అది సాధారణంగా మళ్లీ చీము కాదు, ఆ గుంత ఎండిపోవడం. దానికి కొత్త యాంటీబయాటిక్ కొనవలసిన పని లేదు. పన్ను తీసిన చోటికే వెళితే గుంత కడిగి మందు పెట్టి పంపుతారు, చాలాచోట్ల దానికి మళ్లీ డబ్బు తీసుకోరు. రెండో రోజు నుంచి ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించవచ్చు. వాపు తగ్గకపోగా పెరిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం ఇంకా కష్టమైనా, ఇందాక చెప్పిన ప్రమాద సూచనలు గుర్తు చేసుకుని నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగవచ్చు. మందులు వాడుతున్నవారు వాటి పేర్లు కూడా చెబితే సమాధానం ఇవ్వడం నాకు సులువవుతుంది.